దగ్గరి పనికి దగ్గరి చూపు

కౌజు పిట్టల కూర కుదరలేదంటే తప్పంతా మసాలా మీదికి నెట్టేస్తాం. ఉప్పు తగ్గిందనో, కారం ఎక్కువైందనో, అల్లం పచ్చివాసన పోలేదనో అంటాం. చాలాసార్లు తప్పు పొయ్యి వెలిగించక ముందే జరిగిపోయి ఉంటుంది. చర్మంలో నూగు ఈకలు మిగిలిపోతాయి. పక్కటెముకల సందుల్లో ఊపిరితిత్తుల ఎర్ర ముక్కలు అంటుకునే ఉంటాయి. కాలేయం పక్కనున్న పిత్తం తిత్తి చిట్లి ఆ చేదు మాంసానికి పట్టి ఉంటుంది. అరచేతిలో ఇమిడే పిట్ట అది. దాన్ని శుభ్రం చేయడం వంట పని కన్నా కంసాలి పనికి దగ్గర.

ఆ పని మన ఇళ్లలో ఎవరు చేస్తున్నారు? ఎక్కువగా నలభై దాటిన అమ్మలు, అత్తలు, వదినలు. నలభై దాటాక చత్వారం ఎవరినీ వదలదు. అయినా ఇంట్లో మొదటి కళ్లజోడు ఎవరికి వస్తుంది? పేపరు చదివే నాయనకు. ఆయన అక్షరాలు చూడాలి కాబట్టి ఆయనకు అవసరమని అందరికీ తెలుసు. పప్పులో రాయి, చేపలో ముల్లు, పిట్టలో ఈక చూడాల్సిన మనిషికి మాత్రం ఎవరూ అడగరు, ఆమే అడగదు. అందుకే ఈ అధ్యాయంలో కూరా ఉంది, కళ్లజోడూ ఉంది. పనితనం గురించి చెప్పే పుస్తకాలు ఏకాగ్రత, సంకల్పం, క్రమశిక్షణ అంటూ మొదలుపెడతాయి. అసలు చేస్తున్న పని కంటికి ఆనుతోందా అన్న ప్రశ్న వాటిలో నాకు పెద్దగా తగల్లేదు.

ముందు పిట్ట సంగతి చూద్దాం.

కర్నూలు, కడప పల్లెల్లో పెద్ద వయసు మగవాళ్లను కదిలిస్తే వేట కథలు వస్తాయి. చెనక్కాయ పీకేసిన చేలల్లో కౌజులు దిగేవట, వల పన్ని పట్టేవాళ్లట, కంపచెట్ల కింద మంట వేసి అక్కడే కాల్చుకుని తినేవాళ్లట. ఆ రుచి గొప్పదే కావచ్చు. ఇప్పుడు మాత్రం అడవి పిట్ట జోలికి పోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అడవి కౌజైనా, పూరేడైనా, అడవి కోడైనా, నెమలైనా వేట నేరమే. 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నెమలి లాంటి మొదటి షెడ్యూలు ప్రాణి అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా లోపలే.

చట్టాన్ని పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది, అది మన జిల్లాలదే. సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల పొదల్లో కలివి కోడి తిరుగుతుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది ఆ ఊరి వైపు వేటగాడే. శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా దొరకని పక్షి పిట్టలు పట్టడం తెలిసిన చేతికి దొరికింది. ఆ తర్వాతే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. నందికొట్కూరు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో ఇంకో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ బట్టమేక కనపడటమే గగనం. నేల మీద తిరిగే పిట్టకు పన్నిన ఉచ్చు, పడింది కౌజా కలివి కోడా అని చూసి బిగుసుకోదు కదా.

పైగా నాటు తుపాకితో కొట్టిన పిట్ట ఒంట్లో సీసపు రవ్వలు మిగిలిపోతాయి. పన్ను విరిగితే కట్టించుకోవచ్చు. సీసం మాత్రం విషం, అందులోనూ పిల్లలకు మరీ చెడ్డది.

కాబట్టి కొనాల్సింది ఫారం కౌజు. ఇది జపాన్ జాతి. 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చి, అక్కడి పరిశోధనా సంస్థలో మన ఎండలకు అలవాటు చేశారు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ దీన్నీ అడవి పిట్టల లెక్కలో వేసి కొత్త ఫారాలకు లైసెన్సులు ఆపేసింది. కొన్నేళ్లకు ఆ అడ్డు తొలగింది. ఐదు వారాలకే పిట్ట కోతకు వస్తుంది. అప్పటికి 180 నుంచి 200 గ్రాములు తూగుతుంది. ఒలిచి శుభ్రం చేస్తే 120, 140 గ్రాములు చేతికొస్తుంది. సంగటితో అయితే మనిషికి ఒకటి చాలు. పొలం పని చేసి వచ్చినవాళ్లకు రెండు పెట్టాలి.

అంగట్లో పంజరం చూడండి. ఫారం పిట్టలన్నీ ఒకే వయసువి, ఒకే సైజువి ఉంటాయి. రోడ్డు పక్కన బుట్ట మీద వల కప్పి అమ్మేవాటిలో పిట్ట కాస్త పెద్దదిగా, ఒళ్లంతా సన్నటి అడ్డచారలతో, కాళ్లు ఎరుపు తిరిగి ఉంటే అది అడవి కౌజే. చవకగా ఇస్తానన్నా వద్దు. గిన్నీ కోడి, టర్కీ కోడి అక్కడక్కడా పెంచుతున్నారు. వాటి మాంసం ముదురు కాబట్టి నాటుకోడి లెక్కనే వండుకోవాలి. ఈము సంగతి అడక్కండి. ఒకప్పుడు దాని పెంపకం మీద ఊళ్లకు ఊళ్లు ఆశ పెట్టుకున్నాయి, పిల్లలు అమ్మినవాళ్లు బాగుపడ్డారు, మాంసం మాత్రం మన వంటింటి గడప దాటి లోపలికి రానే లేదు.

ఇక పీట వేసుకుని కూర్చుందాం. అంగడివాడు చర్మంతో సహా ఒలిచేస్తానంటాడు, వాడికి అది తొందరగా అయిపోతుంది. పులుసుకైతే సరే. వేపుడుకు మాత్రం చర్మం ఉంచమని చెప్పండి. ఈ పిట్టలో కొవ్వు దాదాపు లేదు, ఉన్న కాస్తా చర్మం కిందే ఉంటుంది. అది పోతే మాంసం ఎండిపోయి పీచులా అవుతుంది. చర్మం ఉంచారంటే ఈకలు పీకే పని మీ మీద పడుతుంది. నీళ్లు మరగకూడదు, చేయి పెడితే చురుక్కుమనాలి. అందులో అర నిమిషం ముంచి తీసి, ఈక మొలిచిన వైపుకే లాగాలి. ఎదురు లాగితే చర్మం చిరుగుతుంది. తర్వాత సన్నటి మంట మీద ఒకసారి అటూ ఇటూ తిప్పితే నూగు మాడిపోతుంది. మాడనివి, చర్మం లోపల నల్లగా మొనలు మాత్రం కనపడేవి, గోళ్లతోనో చిమటాతోనో ఒక్కొక్కటీ తీయాలి. కత్తెరతో వెన్నెముక పక్కగా కోసి పిట్టను పుస్తకం లెక్క తెరిచి, పేగులు, పిత్తం చిట్లకుండా తీసేయాలి. పక్కటెముకల సందులు వేలితో గీకాలి. పసుపు, ఉప్పు రుద్ది రెండుసార్లు కడగాలి.

ప్రొద్దుటూరులో మా అత్త ఈ పని చేస్తుంటే ఒకసారి చూశాను. పిట్టను చేయి చాచినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి, వాకిలి వైపు తిప్పుతోంది. చూపుతో కాకుండా బొటనవేలితో తడుముతూ ఈకలు వెతుకుతోంది.

“ఏం అత్తా, కనపడలేదా?”

“కనపడక ఏమిరా! ఈ వంటింట్లో వెలుగు ఏడ్చిందా?”

తల మీదే కొత్త ట్యూబు లైటు వెలుగుతోంది. అప్పటికే “ఇటు రామ్మే, నీ కళ్లు ఒకసారి ఇయ్యి” అని మనవరాలిని రెండుసార్లు పిలిచింది. పిల్ల ఫోను వదిలి రాలేదు. మామ కళ్లజోడు టీవీ పక్కన ఉంటే తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయ్యో, ఇన్ని ఉన్నాయా!” అని, అప్పటికే కడిగి పక్కన పెట్టిన పిట్టలన్నీ మళ్లీ ముందరికి లాక్కుంది.

మామ జోడు ఆమెకు సరిపోవడం అదృష్టమే. ఆ అదృష్టం ఎందుకు మామూలుగా జరగదో తర్వాత చెబుతాను. ఇప్పుడు పొయ్యి దగ్గరికి.

ఆరు పిట్టలకు కొలత ఇది. మూడు చెంచాల పెరుగు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు పట్టించి అరగంట నుంచి గంట పక్కన పెట్టండి. అంతకు మించి నానబెట్టొద్దు, లేత మాంసం మెత్తబడిపోతుంది. ఎనిమిది ఎండుమిరపకాయలు, రెండు పెద్ద చెంచాల ధనియాలు, వేలెడంత ఎండు కొబ్బరి ముక్క, చెంచాడు గసగసాలు, నాలుగు లవంగాలు, చిన్న చెక్క ముక్క విడివిడిగా వేయించండి. అన్నీ కలిపి ఒకేసారి మూకుట్లో వేస్తే ధనియాలు వేగేలోపు గసాలు మాడతాయి. రోట్లో నూరితే బాగుంటుందని అందరికీ తెలుసు, మిక్సీలో వేస్తారనీ తెలుసు. మిక్సీ అయితే నీళ్లు పోయకుండా ముందు పొడి కొట్టి, చివర్లో చెంచాడు నీళ్లతో ముద్ద చేయండి.

వెడల్పాటి మూకుట్లో చెనక్కాయ నూనె వేడెక్కాక పిట్టల్ని ముందు ఒంటరిగా వేయించాలి. రొమ్ము వైపు మూడు నిమిషాలు, వెన్ను వైపు మూడు నిమిషాలు. రంగు తిరగ్గానే తీసి పక్కన పెట్టేయండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పిట్టలుండగానే ఉల్లిగడ్డలు వేసేస్తారు. ఉల్లి నీరు వదులుతుంది, పిట్ట వేగడం మాని ఉడకడం మొదలవుతుంది. పిట్టలు తీసేశాక అదే నూనెలో రెండు ఉల్లిగడ్డల తరుగు ఎర్రబడే దాకా వేయించి, కరివేపాకు, రెండు టమాటాలు, నూరిన మసాలా వేసి, నూనె పైకి తేలాక గ్లాసున్నర నీళ్లు పోయండి. మరుగు పట్టాక పిట్టల్ని దించి, మూత పెట్టి, సన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అంతే. తొడ దగ్గర పొడిస్తే ఎర్ర నీరు రాకూడదు, ఎముక మాత్రం ఊడి రాకూడదు. నాటుకోడికి కుండలో గంట పడుతుంది, కుక్కర్లో ఐదారు కూతలు రానిస్తాం. ఆ చేతి అలవాటుతో కౌజును కుక్కర్లో పెట్టారంటే మూత తీసేసరికి పులుసులో పీచు, అడుగున సూదుల్లాంటి ఎముకలు మిగులుతాయి. చిన్నపిల్లల గొంతులో ఆ ఎముకే అడ్డం పడేది. దించే ముందు నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చింతపండు రసం పిండి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి.

సంగటి చేయడం ఈ సీమలో ఎవరికీ నేర్పక్కర్లేదు, కొత్త కోడళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. అరగ్లాసు బియ్యం నాలుగున్నర గ్లాసుల నీళ్లలో బాగా మెత్తగా ఉడికాక, గ్లాసు రాగిపిండి కుప్పగా పైన పోసి, కలపకుండా మూత పెట్టి పది నిమిషాలు సన్న మంట మీద ఉంచాలి. ఆ తర్వాతే కట్టెతో గెలకాలి. ముందే కలిపితే ఉండలు కడుతుంది. కర్నూలు పడమటి పల్లెల్లో ఇదే కూరకు జొన్నరొట్టె తెస్తారు. కాదనను.

అత్త దగ్గరికి మళ్లీ వద్దాం, లేదా మీ ఇంట్లో అదే వయసు మనిషి దగ్గరికి. కంటి లోపలి లెన్సు వయసుతో బిగుసుకుపోతుంది. చిన్నప్పుడు అది ఉబ్బి, సాగి దగ్గరి వస్తువు మీద చూపును సర్దుకునేది. నలభై దాటాక ఆ సాగుడు తగ్గుతుంది. జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. దూరపు చూపు బాగానే ఉంటుంది కాబట్టి మనిషి తనకు చూపు తగ్గిందని ఒప్పుకోదు. వీధి చివర వస్తున్న బస్సు బోర్డు చదువుతుంది కదా! అందుకే తప్పు లైటు మీదికి పోతుంది. కొన్ని గుర్తులు చూడండి. సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని పిలుస్తోందా? బియ్యం చాటను వంటింట్లోంచి వాకిట్లోకి తెచ్చుకుంటోందా? బీపీ మాత్రను పేరు చూసి కాకుండా రంగు చూసి వేసుకుంటోందా? ఫోనులో పేరు చదవడానికి చేయి చాస్తోందా? వీటిలో రెండు ఉన్నా చాలు, కంటి పరీక్షకు తీసుకుపోవాల్సిందే.

వంటింటి బయట ఈ లెక్క ఇంకా పెద్దది. పత్తి విత్తనాల చేలల్లో పూరేకు ఒలిచి, పుప్పొడి రాసే క్రాసింగు పని, ఎమ్మిగనూరు మగ్గాల మీద తెగిన పోగు అతకడం, మాధవరం చీర అంచులో తప్పు పట్టడం, టైలరింగు, ఇదంతా మూరెడు దూరంలో జరిగే పనే. చూపు మసకబారితే చేయి నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే కూలి తగ్గుతుంది. “వయసైపోయింది, చేతకావడం లేదు” అనేస్తారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది మీద జరిపిన పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. సగం మందికి మామూలు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. అద్దాలు పెట్టుకున్నవాళ్ల కోత మిగతావాళ్ల కన్నా 21.7 శాతం పెరిగింది. బంగ్లాదేశ్‌లో ఇలాంటిదే చేసి 2024లో ఫలితాలు ఇచ్చారు, అక్కడ ఆదాయం మూడో వంతు పెరిగింది. వాళ్లకు చేతకాకపోవడం కాదు, కనపడకపోవడం.

ప్రభుత్వ పథకాలు ఈ వయసు దగ్గరే కాస్త జారిపోయాయి. మన రాష్ట్రంలో కంటి వెలుగు 2019 అక్టోబరులో అనంతపురంలో మొదలైంది, ముందు బడి పిల్లలతో. 2020 ఫిబ్రవరిలో కర్నూలులోనే మూడో విడత ప్రారంభించారు, అది అవ్వాతాతల కోసం, అరవై దాటినవాళ్లకు. రెండూ మంచి పనులే. నలభైకీ అరవైకీ మధ్య, రోజంతా చేతులతో సన్న పని చేసే మనిషి మాత్రం ఆ రెండు వరసల్లోనూ నిలబడలేదు. దానం చేయాలనుకునేవాళ్లు చూడాల్సింది ఈ మనిషి వైపు.

ఇప్పుడు మీ బీరువా సొరుగు లాగండి. పవరు మారిన జోళ్లు, ఒక కాడ విరిగినవి, చనిపోయిన పెద్దాయనవి, పారేయలేక దాచినవి బయటపడతాయి. అన్నీ సంచిలో వేసి ఏదో ఒక సంస్థకు ఇచ్చేస్తే పుణ్యం వస్తుందనుకుంటాం. కళ్లజోళ్ల సేకరణకు పాత చరిత్రే ఉంది. 1925లో హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్ క్లబ్బుల సభకు వచ్చి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడమని అడిగింది. అప్పటి నుంచి కంటి సేవ వాళ్ల ముఖ్యమైన పని అయింది, పాత జోళ్లు సేకరించి, కడిగి, పవరు చూసి పంపే కేంద్రాలూ వచ్చాయి. అయితే 2012లో కొందరు పరిశోధకులు ఇలా వచ్చిన జోళ్లను పరీక్షిస్తే వాడుకోదగ్గవి 7 శాతమే తేలాయి. ఏరి, కడిగి, పంపే ఖర్చు లెక్కేస్తే పనికొచ్చే ఒక్కో జోడుకు 20 డాలర్లు దాటింది, అంటే కొత్త రెడీమేడ్ జోడు ఇచ్చే ఖర్చుకు రెట్టింపు. కంటి సంస్థలు చాలావరకు ఇప్పుడు పాత జోళ్లు పంచొద్దనే చెబుతున్నాయి.

ఎందుకు కుదరవు? దూరపు చూపు అద్దంలో కుడి కంటికి ఒక పవరు, ఎడమ కంటికి ఒక పవరు ఉంటుంది. సిలిండరు ఉంటే దాని కోణం ఒక్కో మనిషికి ఒక్కో తీరు. రెండు కనుపాపల మధ్య దూరం కూడా కలవాలి. ఇన్నీ కలిసే ఇంకో మనిషి దొరకడం జాతకాలు కలవడం కన్నా కష్టం. కలవనిది పెట్టుకుంటే తలనొప్పి, కళ్లు తిరగడం, మెట్ల మీద కాలు తప్పడం. ఎదిగే పిల్లలకైతే వేరేవాళ్ల జోడు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. చత్వారపు రెడీమేడ్ జోడు ఒక్కటే వేరు. రెండు కళ్లకూ ఒకే పవరు, సిలిండరు లేదు. మామ జోడు అత్తకు పనికొచ్చింది ఇందుకే, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు.

కాబట్టి సొరుగులో ఉన్నవాటిని మూడు కుప్పలు చేయండి. ప్లస్ పవరు రెడీమేడ్ జోళ్లు, గీతల్లేనివి, ఒక పక్క. ఫ్రేము బాగుండి అద్దాలు పనికిరానివి ఇంకో పక్క. గీతలు పడ్డవి, విరిగినవి పారేసేవి, వాటి మీద జాలి వద్దు. మొదటి రెండు కుప్పలూ తీసుకుని తెలిసిన కళ్లద్దాల షాపుకు పోతే లెన్సోమీటరులో పెట్టి పవరు చెబుతారు, రెండు నిమిషాల పని. చీటీ మీద రాసి కాడకు అంటించండి. ఫ్రేముకు విలువ ఉంది. పరీక్ష చేయించుకున్న మనిషికి కావలసిన పవరుతో కొత్త అద్దాలు అందులో బిగిస్తే, అద్దాల ఖర్చు మాత్రమే మీరు పెట్టుకుంటే సరిపోతుంది. పాత జోడు దానం చేయడంలో నాకు నిజంగా నచ్చే పద్ధతి ఇదే.

సొరుగు ఖాళీగా ఉంటే డబ్బు పెట్టండి. దూరపు చూపు బాగున్నవాళ్లకు అటూ ఇటుగా లెక్క ఇలా ఉంటుంది: నలభై నుంచి నలభై ఐదు దాకా ప్లస్ 1, యాభై దాకా ప్లస్ 1.5, యాభై ఐదు దాకా ప్లస్ 2, ఆ పైన ప్లస్ 2.5 లేదా ఇంకాస్త. ఇది ఎంతమందికి ఎన్ని కొనాలో అంచనా వేసుకోవడానికే, చేతికిచ్చేయడానికి కాదు. ఇచ్చే ముందు కంటి పరీక్ష జరగాలి. మసకకు కారణం చత్వారం కాకుండా శుక్లాలో, నీటికాసులో, షుగరు వల్ల లోపల పాడవడమో కావచ్చు. చవక జోడు పెట్టి పంపేస్తే ఆ మనిషి ఇక డాక్టరు దగ్గరికి పోదు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, లయన్స్ వాళ్లు, ఇతర సంస్థలు ఊళ్లలో శిబిరాలు పెడుతుంటారు. శిబిరం రోజు మీ జోళ్లు, మీ డబ్బు తీసుకుని అక్కడికే పోండి. మధ్యలో ఒక మాట. కళ్లజోడు దానం, నేత్రదానం ఒకటే అనుకుని భయపడేవాళ్లను చూశాను. నేత్రదానం చనిపోయాక ఆరు గంటల్లోపు కుటుంబం చేసేది, అది వేరే విషయం.

జోడు సరిపోయిందో లేదో అక్షరాల అట్ట మీద చూసి వదిలేయొద్దు. చదువురాని మనిషికి ఆ అట్ట అర్థం కాదు, చదువు వచ్చినా ఆమె పని అది కాదు. సూది, దారం ఇవ్వండి. గుప్పెడు కందిపప్పు పళ్లెంలో పోసి రాళ్లు ఏరమనండి. ఎంత దూరంలో పట్టుకుని చేస్తోందో చూడండి. మగ్గం మీది దూరం వేరు, ఒళ్లో పెట్టుకునే చాట దూరం వేరు, దాన్నిబట్టి పవరు పావో అరో తగ్గించాల్సి రావచ్చు.

ఇచ్చాక పెట్టుకునేలా చూడటం ఇంకో పని, అన్నిటికన్నా కష్టం. చేలో కళ్లజోడు పెట్టుకున్న ఆడమనిషిని “కలెక్టరమ్మ వచ్చింది” అని ఎగతాళి చేస్తారు. రెండో రోజు అది పెట్టెలోకి పోతుంది. అందుకే ఒకే గుంపులో కూలికి పోయే నలుగురైదుగురికి ఒకేసారి ఇవ్వండి, ఎగతాళి చేసేవాళ్లే తగ్గిపోతారు. మెడలో వేసుకునే తాడు తప్పకుండా కట్టి ఇవ్వండి, వంగితే జారి పడదు. కొంగుతో తుడవొద్దని చెప్పండి. కొంగులో ఉండే దుమ్ము, ఉప్పు గీతలు గీస్తాయి. వంటింటి జోడుకు నూనె జిడ్డు పడుతుంది కాబట్టి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వీలైతే వంటింటికి ఒక జోడు విడిగా ఉంచండి, గరిటెల పక్కన మేకుకు తగిలించి. అది ఎవరూ అక్కణ్నుంచి తీయకూడదు, మామ పేపరుకు కూడా.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఫోనులో, ఇక్కడ ఆఫీసులో అందరివీ పాత జోళ్లు పోగు చేశాం, సూట్‌కేసులో తెస్తాం అంటారు. వద్దనండి. అక్కడే లయన్స్ పెట్టెలో వేయమనండి. సూట్‌కేసులో చోటుంటే మంచి ఫ్రేములు తెమ్మనండి, లేకపోతే ఆ ప్రయాణపు ఖర్చులో ఒక చిన్న భాగం పంపమనండి. మన ఊళ్లో ఒక గుంపుకు పరీక్ష చేయించి, కొత్త జోళ్లు ఇప్పించడానికి అది సరిపోతుంది. రెండేళ్లకోసారి వాళ్ల పవరు మళ్లీ చూపించాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.